టికెట్ క్లోజయింది, జబ్బు మిగిలింది

పోయిన ఆదివారం పాత పుస్తకాల కోసం ఆబిడ్స్ వెళ్ళాను. నాంపల్లి మెట్రో దగ్గర దిగి, స్టేషన్ రోడ్డు మీదుగా జీపీఓ దాకా నడక. ఎక్కడా కూర్చోకుండా వెళ్ళాను. "ఇదో ఘనకార్యమా, దీనికో టపా కూడానా" అంటారని తెలుసు. 2021 ఆగస్టులో ఇదే రోడ్డు మీద, మూసి ఉన్న ఓ షాపు మెట్ల మీద అరగంట కూలబడ్డాను లెండి. అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్ళు. కోవిడ్ వచ్చి తగ్గి మూడు నెలలైంది. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆక్సిజన్ 98. కాళ్ళు మాత్రం నావి కావు.

ఓ పెద్ద ఆస్పత్రికి వెళితే ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చేసి "ఎవ్రీథింగ్ నార్మల్, స్ట్రెస్ అంతే, రోజూ కాస్త జాగింగ్ చెయ్యండి" అన్నారు. చేశాను. మర్నాటి నుంచి నాలుగు రోజులు మంచం దిగలేదు. మన భాషలో చెప్పాలంటే, నా టికెట్‌ని 'కెనాట్ రీప్రొడ్యూస్' అని క్లోజ్ చేసేశారు. అప్పట్నుంచి ఈ జబ్బుల చరిత్ర చదవడం మొదలెట్టాను. చదివిన కొద్దీ అర్థమైంది ఒకటే. ఇలా క్లోజైన టికెట్లలో నాది మొదటిది కాదు.

మొదట మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మమ్మది కడప జిల్లా. 2006లో నాకు తొమ్మిదేళ్ళు, వేసవి సెలవులకి వెళితే ఊరు ఊరంతా గోడలు పట్టుకుని నడుస్తోంది. చికున్‌గున్యా. 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, ఆ వెంటనే విశాఖ, కాకినాడ, రాజమండ్రిల్లో వచ్చి, 1973లో మహారాష్ట్రలోని బార్సీలో కనబడి, ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళు పత్తా లేకుండా పోయిన వైరస్. 2005 డిసెంబర్లో మళ్ళీ మన ఆంధ్రప్రదేశ్‌లోనే తేలింది. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు దాదాపు 13.9 లక్షలు. ఆ పేరు తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాషది. 1952లో టాంగన్యికాలో ఈ జబ్బు బయటపడినప్పుడు పెట్టారు, 'వంగిపోయేలా చేసేది' అని అర్థం.

వారానికి జ్వరం తగ్గింది. లెక్కల్లో మా అమ్మమ్మ కోలుకున్నట్టే. కానీ ఆమె రెండేళ్ళ పాటు చెంబు ఎత్తాలంటే రెండు చేతులూ పెట్టాల్సొచ్చింది. "జరం పోయింది నాయనా, నొప్పులు మాత్రం ఇల్లు కట్టుకున్యాయి" అనేది. ఇంట్లో వాళ్ళం ఏమన్నాం? వయసైపోయింది కదా, అన్నాం. అదే 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో మూడో వంతు జనానికి ఇదే జ్వరం వచ్చింది. అక్కడ ఫ్రెంచి డాక్టర్లు జ్వరం తగ్గినవాళ్ళని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పిలిచి అడిగారు. కీళ్ళనొప్పులు నెలలూ, ఏళ్ళూ ఉంటున్నాయని కాగితం మీదకెక్కింది. క్లోరోక్విన్ ఇచ్చి చూస్తే పనిచెయ్యలేదు సరికదా, 200 రోజుల తర్వాత అడిగితే ఆ మాత్ర వాడినవాళ్ళలోనే ఎక్కువమంది నొప్పులన్నారు. రెండు చోట్లా అదే వైరస్. మా అమ్మమ్మని ఆర్నెల్ల తర్వాత పిలిచి ఎలా ఉన్నావమ్మా అని అడిగినవాళ్ళు లేరు, అంతే తేడా.

ఇక లండన్ కథ. 1955 జులైలో రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో సిబ్బందికే ఏదో జబ్బు తగులుకుంది. మొత్తం 292 మంది. అక్టోబర్ దాకా ఆస్పత్రి మూసేశారు. జ్వరం, గొంతునొప్పి, ఆ తర్వాత వదలని నీరసం, కండరాల నొప్పి, మతిమరుపు. ఏ క్రిమో దొరకలేదు. మరుసటి ఏడాది ఈ తరహా జబ్బుకి 'మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్' అని పేరొచ్చింది, పొట్టిగా ఎంఈ. పదిహేనేళ్ళ తర్వాత, 1970లో, మెకెవెడీ, బియర్డ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు పాత కేసు షీట్లు తిరగేసి ఇది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. వాళ్ళు చూపిన కారణాల్లో ఒకటి: జబ్బుపడ్డవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. రోగుల్ని పరీక్షించలేదు, షీట్లు చదివారంతే. సిస్టమ్ ముట్టుకోకుండా రూట్ కాజ్ రాయడమంటే ఇదే కదా!

ఆ ఒక్క మాట పరిశోధనని దశాబ్దాలు వెనక్కి లాగింది. 1988లో అమెరికాలో 'క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్' అని మరో పేరు పెట్టారు. పేరు వింటే 'నాకూ అలసటగానే ఉంటుందిలే' అనిపించేలా. 2011లో బ్రిటన్లో పేస్ అనే ట్రయల్, క్రమంగా వ్యాయామం పెంచితే బాగవుతారంది. రోగులు ఒప్పుకోలేదు. డేటా బయటపెట్టమని కోర్టు దాకా వెళ్ళి, తెప్పించుకుని, మళ్ళీ లెక్కలు వేయించారు. చెప్పినంత మెరుగుదల కనిపించలేదు. చివరికి 2021 అక్టోబర్లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్, ఆ వ్యాయామ చికిత్సని ఎంఈకి వాడొద్దని రాసింది. సరిగ్గా నేను జాగింగ్ చేసి మంచమెక్కిన ఏడాదే!

కోవిడ్‌తో ఏం మారింది? ఒకేసారి కోట్ల మంది అదే బగ్ రిపోర్ట్ చేశారు. 'లాంగ్ కోవిడ్' అన్న మాట పెట్టింది డాక్టరు కాదు. 2020 మేలో ఎలీసా పెరేగో అనే ఇటలీ ఆర్కియాలజిస్టు, తనూ రోగే, ట్విట్టర్లో వాడింది. 2021 అక్టోబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది. కోవిడ్ వచ్చిన మూడు నెలలకి లక్షణాలుండాలి, అవి కనీసం రెండు నెలలు సాగాలి, వేరే జబ్బుతో వివరించలేనివై ఉండాలి. అమెరికా ప్రభుత్వం 115 కోట్ల డాలర్లతో రికవర్ అనే కార్యక్రమం పెట్టింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2024 జనవరిలో వచ్చిన ఆంస్టర్‌డామ్ అధ్యయనం. 25 మంది లాంగ్ కోవిడ్ రోగుల చేత, 21 మంది ఆరోగ్యవంతుల చేత సైకిల్ తొక్కించి, ముందూ తర్వాతా కండరం ముక్క తీసి చూశారు. రోగుల కండరాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా పని తగ్గింది, కండరానికి జరిగిన నష్టం శ్రమ తర్వాత ఇంకా పెరిగింది. అంటే, సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు అంతా నార్మలే. లోడ్ వేస్తేనే బగ్ బయటపడుతుంది. నాకు ఆస్పత్రిలో పరీక్షలన్నీ పడుకోబెట్టి చేశారు!

కారణాలు ఇంకా తేలలేదు. వైరస్ ముక్కలు ఒంట్లో మిగలడం, రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం, నిద్రపోతున్న పాత వైరస్‌లు లేవడం, ఇలా చాలా అనుమానాలున్నాయి. అన్నీ కొంత నిజమూ కావచ్చు. మందుల విషయానికొస్తే, పాక్స్‌లోవిడ్‌ని 15 రోజులిచ్చి చూసిన స్టాన్‌ఫర్డ్ ట్రయల్లో (2024) ఉపయోగం కనబడలేదు. మన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ని బరువెక్కువున్నవాళ్ళకి కోవిడ్ మొదటి రోజుల్లోనే ఇస్తే, లాంగ్ కోవిడ్ 10.4 శాతం నుంచి 6.3 శాతానికి తగ్గిందని 2023లో తేలింది. కానీ అది రాకుండా ఆపడం, వచ్చాక తగ్గించడం కాదు. నాలాంటివాళ్ళకి ఇప్పటికి తెలిసింది శక్తిని పొదుపుగా వాడుకోవడమే. జీతం రాళ్ళు నెలాఖరుదాకా సర్దుకున్నట్టు.

సరే, మళ్ళీ ఆబిడ్స్‌కి వద్దాం. ఇక్కణ్ణించి కాస్త దూరంలోనే కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగితే ప్రభుత్వం దీన్నే ప్రధాన కేంద్రం చేసింది. అదీ కోవిడ్ వెనకాల వచ్చిన జబ్బే. రోజుల్లో దానికి వార్డులొచ్చాయి, బులెటిన్లొచ్చాయి, రిపోర్ట్ చేసి తీరాలన్న ఆదేశమొచ్చింది. ఎందుకంటే ప్రాణాంతకం, పైగా కళ్ళెదుట కనిపిస్తుంది. మన దగ్గర చెయ్యలేక కాదన్నమాట. కనిపించే తోకని పట్టుకున్నాం, కనిపించనిదాన్ని 'డిశ్చార్జ్' కాలమ్‌లో కలిపేశాం.

మరి ఆ కాలమ్‌లో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు? జూన్‌లో మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వెళ్ళి చూడండి. బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఉబ్బసం ఉన్నవాళ్ళ చేత మింగిస్తుంది. కోవిడ్ వల్ల 2020 నుంచి మూడేళ్ళు ఆగి 2023లో మళ్ళీ మొదలైంది. అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. నేను మింగను, మిమ్మల్ని మింగమనను. కానీ ఒకప్పటిలా ఆ క్యూని చూసి నవ్వడం మానేశాను. ఊపిరాడని మనిషికి "నీకేం లేదు" అన్న మాట కన్నా చేప పిల్లే నయమనిపిస్తుంది. ఇక్కడ కూడా అదే లోటు, ఇంతమంది మింగి వెళతారు, ఆర్నెల్ల తర్వాత వాళ్ళకెలా ఉందో లెక్క రాసేవాళ్ళు లేరు.

2025 ఆగస్టులో బ్రిటన్లో డీకోడ్ఎంఈ అనే అధ్యయనం తొలి ఫలితాలు పెట్టింది. 15,579 మంది రోగుల డీఎన్ఏ చూస్తే, ఎనిమిది చోట్ల ఆరోగ్యవంతులతో తేడా కనబడిందట. హిస్టీరియా అన్న యాభై ఐదేళ్ళకి! ఆ అధ్యయనాన్ని నడపడంలో రోగులూ భాగస్వాములే. ఈ చరిత్ర మొత్తంలో టికెట్ రీఓపెన్ చేసింది దాదాపు ప్రతిసారీ యూజర్లే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మీ టీంలో ఎవరైనా జ్వరం తగ్గి రెండు నెలలైనా "ఇంకా ఓపిక లేదు" అంటే, బద్ధకం అనుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పని చేసిన మర్నాడు ఎలా ఉంటోంది? నన్ను ఆ ప్రశ్న ఎవరైనా 2021లో అడిగుంటే జాగింగ్ మానేసేవాణ్ణి.

మొన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మని అడిగాను, పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా. "చేతులెట్లుండాయి?" అని. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఇరవై నిమిషాలు చెప్పింది.