రొమ్ములో సున్నపు రవ్వలు

తిరుపతిలోని స్విమ్స్ వైద్యసంస్థ వారి 'పింక్ బస్సు' మామోగ్రఫీ యంత్రంతో చుట్టుపట్ల పల్లెలకు పోయి స్త్రీలకు రొమ్ము పరీక్షలు జరిపినది. అట్టి ఎక్స్ కిరణ చిత్రాలలో ఒక్కొక్కప్పుడు తెల్లని చుక్కలు కనబడతవి. ఇవి కాల్షియం లవణాల రవ్వలు. సున్నంలో ఉన్నదీ కాల్షియమే గనుక, తాంబూలం వేసే అలవాటున్న స్త్రీకి ఆకుకు రాసిన సున్నంపై అనుమానం కలుగవచ్చు. ఆ అనుమానం అనవసరం. తినే కాల్షియానికీ ఈ రవ్వలకూ సంబంధం లేదు. (వక్క, పొగాకు నోటికి చేసే కీడు వేరే సంగతి.)

ఈ చుక్కలను మొదట చూచినవాడు బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్. కోసి తీసిన సుమారు 3000 రొమ్ములను ఎక్స్ కిరణాలతో చిత్రించి, ఆ ఫలితాలను ఆయన 1913లో ప్రకటించినాడు. చుక్కలు కనబడినవి గాని, వాటి విలువ ఆయన గ్రహించలేదు. అందుకు ఆయనను తప్పుపట్టలేము. ఆయన బల్లమీదికి వచ్చినవి వ్యాధి బయటపడిన తరువాత కోసినవి. తెలిసిన వ్యాధికి ఆనవాలు ఎవరు వెదకుతారు? యూదుడైన సాలమన్‌ను నాజీ ప్రభుత్వం 1938లో నిర్బంధ శిబిరంలో పెట్టినది.

చుక్కలకు అర్థం చెప్పినవాడు దక్షిణ అమెరికాలో, ఉరుగ్వే దేశస్థుడైన రౌల్ లెబోర్న్. రొమ్మును అదిమిపట్టి చిత్రం తీస్తే సూక్ష్మమైన వివరాలు తేటపడతవని ఆయన చూపినాడు. కాన్సర్లలో సుమారు నూటికి 30 వంతుల వాటిలో సన్నని ఉప్పురవ్వల వంటి చుక్కల గుంపులున్నవని 1951లో వ్రాసినాడు. సాలమన్ చూచిన నాటికి ఇది 38 ఏండ్ల తరువాతి మాట.

పాలనాళం లోపలి గోడలో కణాలు అదుపుతప్పి పెరిగినపుడు, నడుమనున్నవి ప్రాణవాయువు అందక చనిపోతవి. ఆ మృతకణాలపై కాల్షియం పేరుకొంటుంది. అప్పటికి కాన్సర్ నాళపు గోడను దాటి ఉండకపోవచ్చు. చేతికి గడ్డ తగలకపోవచ్చు. రవ్వ మాత్రం అర మిల్లీమీటరుకన్న చిన్నదైనా చిత్రంలో పడుతుంది.

అయితే చుక్క కనబడినంత మాత్రాన కాన్సర్ అనరాదు. అధికభాగం నిరపాయమైనవే. పేలాల వలె ముద్దగా ఉన్నవి సాధారణంగా పాతబడిన మామూలు గడ్డలోనివి. రైలుపట్టాల వలె జంటగా సాగినవి రక్తనాళపు గోడలవి. సన్నగా, ఎగుడుదిగుడుగా, కొమ్మలు చీలినట్లు ఒకచోట గుమిగూడిన వాటినే వైద్యులు అనుమానిస్తారు. అప్పుడు సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. నాళం దాటని కాన్సర్లలో ఏది ముదురుతుందో, ఏది అట్లే ఉండిపోతుందో నిశ్చయంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. అందుచేత కనబడినవాటికి సాధారణంగా చికిత్స చేస్తున్నారు.