తార్నాకలో ఒక విశేషణము

మల్కాజ్‌గిరి దిక్కునుండి లాలాగూడ మీదుగా తార్నాక చౌరస్తా చేరి, అచటనుండి విశ్వవిద్యాలయపు తోవ పట్టువారికి ఇరుగుపొరుగున రెండు విద్యాసంస్థలు కానవచ్చును. వానిలో ఒకటి ఆంగ్లమును బోధనాభాషా పీఠమునుండి దింపుటకై వెలసినది. రెండవది ఆంగ్లమును ఎట్లు బోధింపవలెనో నేర్పుటకై వెలసినది. ఇంగ్లీషులో 'రినేసెంట్' అను ప్రౌఢ విశేషణమొకటి గలదు. గతించెననుకొన్న కళగాని, భాషగాని, జాతిగాని మరల చిగురించుచుండగా దానికి ఈ మాటను తగిలింతురు. ఇట్టి పదమును మన విద్యార్థి ఎట్లు వశపరచుకొనవలెనను ప్రశ్నకు ఈ రెండు సంస్థల చరిత్ర రెండు సమాధానములు చెప్పుచున్నది. నా మొగ్గు మొదటిదాని వైపే.

1917లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడి, మరు సంవత్సరము ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపన జరిగి, 1919లో తరగతులారంభమగునప్పటికే, ఉర్దూలో పాఠ్యగ్రంథములు సమకూర్చుటకు మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యమున దారుల్ తర్జుమా అను అనువాదశాల పనికి పూనుకొనియుండెను. ఆంగ్ల కవి గ్రే రచించిన స్మశాన విలాపగీతమును ఉర్దూ చేసిన నజ్మ్ తబాతబాయి వంటి పండితులు అందు పనిచేసిరి. రసాయన, న్యాయ, తర్కశాస్త్రముల వేలకొలది పరిభాషా పదములను వారు కొత్తగా పుట్టింపవలసివచ్చెను. ఈ పనికి శాస్త్రము వ్రాసినవాడు ఉస్మానియా ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీమ్. 'వజె ఇస్తిలాహాత్' అను తన గ్రంథమున ఆయన, ఉర్దూ ఆర్యభాషా కుటుంబమునకు చెందినది గావున అరబ్బీ అచ్చులలోనే పదములను పోతపోయుట తగదనియు, ఉపసర్గలను, ప్రత్యయములను చేర్చి పదములు అల్లవలెననియు వాదించెను. 'బర్క్' అనగా మెరుపు. దానికి దేశీయ ప్రత్యయము చేర్చినచో విద్యుత్తు నెక్కించుట అను అర్థమున 'బర్కానా' అను క్రియ సిద్ధించును. పండితులలో కొందరికి ఇది రుచింపకపోయినను, పదమును విప్పిచూచు విద్య ఇంతకంటె చక్కగా నేర్పిన తావు ఆ కాలమున మన దేశమున అరుదు. ఆ ఉర్దూ విశ్వవిద్యాలయముననే తెలుగు నవ్యకవిత్వమునకు ఆద్యుడైన రాయప్రోలు సుబ్బారావు ఆంధ్రభాషను బోధించెననుట ఒక ముచ్చట.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఆ అధ్యాయము ముగిసెను. ఉర్దూ స్థానమును ఆంగ్లము ఆక్రమించెను. పదేండ్లకు, 1958లో, పొరుగుననే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ నెలకొనెను. కన్నడ కవి వినాయక కృష్ణ గోకాక్ దానికి తొలినాళ్ల డైరెక్టరు. 1972లో విదేశీ భాషలు వచ్చి చేరగా సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ అను పేర కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది ఈ సంస్థయే. ఆనాటి ఆంగ్లబోధకుల ఆదర్శము మితపదజాలము. ఢాకా బడులలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన జాబితాలో సుమారు 2000 మూలపదములే గలవు. మొదట అవి, పిమ్మట తక్కినవి. పల్లెబడి పంతులుకు ఇది గొప్ప మేలే. ఉచ్చారణ విషయమునను ఆ సంస్థ చేసిన సేవ తక్కువది కాదు, ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు బోధపడునో శ్రమించి పరిశీలించెను. 'రినేసెంట్'లో ఊనిక రెండవ అక్షరముపై పడవలెనని, 'రి'ని తేల్చి 'నే'ని నొక్కవలెనని, ఊనికతో అర్థము మారని మన తెలుగు నాలుకకు చెప్పువారు కావలదా?

అయినను ప్రౌఢపదము జాబితాకు లొంగదు. వెస్ట్ జాబితాలో ఈ విశేషణమునకు చోటు లేదు. దీనిని సలీమ్ మార్గమున విప్పినచో 'రి' అనునది మన 'పునః'; తక్కిన భాగము పుట్టుట అను లాటిను ధాతువునకు వర్తమానార్థక రూపము. అనగా ఇది మరల పుట్టినది కాదు, పుట్టుచున్నది. చిన్నయసూరి వ్యాకరణము చదివిన బాలునకు ఈ 'చున్న' సూక్ష్మము క్షణములో తట్టును. జబ్బునుండి కోలుకొనుచున్నవానిని 'కన్వలసెంట్' అనుటయు, ఎదుగుచున్న కుర్రవానిని 'అడోలసెంట్' అనుటయు ఈ కోవలోనివే. ఒకటి పట్టువడినచో బంధువర్గమంతయు వెంట వచ్చును.

నేడు అమెరికా చదువులకై జి.ఆర్.ఇ. వ్రాయు మన పిల్లలు పదముల చీటీలు పట్టుకొని అర్థములను వల్లెవేయుచున్నారు. ఆ పరీక్షలో 2011 నుండి వ్యతిరేకపదముల ప్రశ్నలు తొలగిపోయినవి. వాక్యములోని ఖాళీకి ఒకే భావమునిచ్చు రెండు మాటలను ఏరుమను ప్రశ్న వచ్చిచేరినది. 'రినేసెంట్' సరసన 'రిసర్జెంట్'ను నిలుపవలెనా, పని ముగిసిపోయినట్లు తోపించు 'రిస్టోర్డ్'ను నిలుపవలెనా అన్నచోట చీటీ వెనుక వ్రాసికొన్న ఒక్కమాట అర్థము చాలదు.