వేసవి చేతిపనులు: చుట్టిల్లు, గిడుగు, రాట్నము



ఎండలు ముదిరిన ఈ దినములలో మధ్యాహ్నపు వేళ మీరందరును చూరు నీడనో, వేపచెట్టు క్రిందనో చేరి యుందురు. ఇట్టి వేళ మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల పల్లెలలో పూర్వము చేతులు ఊరక యుండెడివి కావు. ఆ చేతులు ఏమి చేయుచుండెనో, ఆ పనులు ఎట్లు క్షీణించెనో, వానిలో నేటికిని నిలిచినదేదో నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను. మీలో అనేకులు ఈ పనులను స్వయముగా చేసినవారు. నా మాటలలో పొరపాటున్నచో మీ ఇంటి పిల్లలకు మీరే సరిదిద్ది చెప్పవలయునని ప్రార్థన.

మన సేద్యము వానను నమ్ముకొన్నది. సంక్రాంతి నాటికి ధాన్యము గాదెకు చేరును. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగును. ఈ రెంటి నడుమ నాలుగు నెలల పైచిలుకు కాలము మెట్టపొలమున నాగలికి పని తక్కువ. భారతదేశపు రైతునకు ఏటికి కనీసము నాలుగు నెలలు పనిలేదనియు, ఆ కాలమును రాట్నముతో నింపవలయుననియు గాంధీ మహాత్ముడు పదే పదే చెప్పుచుండెను. అయితే మన తాతలు ఆ ఖాళీని తమకు తోచిన రీతిని ఏనాడో నింపుకొనిరి. రానున్న వానలకు ఇల్లు, ఎండకు నీడ, ఏడాదికి త్రాడు, ఒంటికి బట్ట, ఇవి నాలుగును వేసవి పంటలు. వీనికి విత్తనము కొననక్కరలేదు, శిస్తు కట్టనక్కరలేదు.

మొదట ఇంటి మాట చెప్పెదను. మన సముద్రతీరపు పల్లెలలో చుట్టిల్లు అనునది మిక్కిలి పాత కట్టడము. గుండ్రని మట్టిగోడ, దానిపై శంకువు వలె లేచిన తాటాకు కప్పు, నేలకు దాదాపు తాకునట్లు దిగిన చూరు, తల వంచి దూరవలసిన ద్వారము. పరదేశి చూచినచో బీదతనమని తలచును. కాని బంగాళాఖాతపు తుపానులకు మన వారు కనిపెట్టిన సమాధానమది. మూలలున్న గోడకు గాలి మూలవద్ద పట్టు దొరకును. గుండ్రని గోడచుట్టు గాలి జారిపోవును. చూరు క్రిందికి దిగి యుండుటచే వాన గోడను తడపదు, గాలి కప్పు క్రిందికి దూరదు. కొన్ని ఇండ్లలో కప్పు క్రింద అటక కట్టి దానికి మట్టి మెత్తెడివారు. కప్పు అంటుకొన్నను అటక క్రింది గింజలు కొంత దక్కునను ఆశ అది.

ఈ కప్పును రెండు మూడేండ్లకొకసారి మార్చవలయును. ఆ పనికి వేసవియే అదను. ఆకులు కోసి, విప్పి, ఒకదానిపై నొకటి పేర్చి, పైన బరువు పెట్టి అణగనిచ్చి ఎండబెట్టుదురు. చూరునుండి మొదలిడి పై వరుస క్రింది వరుసను కప్పునట్లు శిఖవరకు పోదురు. కట్టుటకు తాటి మట్టనుండి తీసిన నార. ఆ నారను నీట నానవేసి, తడిగా నున్నప్పుడే కట్టవలయును. ఎండిన కొలది అది బిగియును.

ఈ చివరి మాట విలువ నాకు అనుభవమున తెలిసినది. పదునెనిమిదేండ్ల వయస్సున మా పశువులశాల కప్పు నేనే వేయుదునని పంతము పట్టితిని. మా తాతగారు చూరున కూర్చుండి చూచుచు, నార నానినదా అని రెండు మారులు అడిగిరి. నానినదంటిని. నిజమునకు గడియసేపైనను నానలేదు. తొందరలో పొడినారతోనే సగము కప్పు కట్టితిని. రోహిణి కార్తెలో కప్పు చక్కగానే యుండెను. మృగశిర ప్రవేశించిన మూడవనాడు వచ్చిన గాలివానకు నేను పొడినారతో కట్టిన సగము లేచి పొరుగువారి దిబ్బపై పడెను. తడినారతో కట్టిన సగము కదలలేదు. తాతగారు నన్నొక మాటయు అనలేదు. మరునాడు ఉదయము నార తొట్టిలో వేసి, దానిపై బండ పెట్టి, సాయంత్రమువరకు తీయవద్దని చెప్పి పొలమునకు పోయిరి.

అయితే తాటాకు కప్పును కేవలము పొగడుట న్యాయము కాదు. వేసవిలో ఒక పొయ్యి నిప్పురవ్వకు పేట పేటయే బూడిదయగుట మన జిల్లాలలో అందరును ఎరిగిన దుఃఖము. పెంకు వచ్చినది, రేకు వచ్చినది, సిమెంటు కప్పు వచ్చినది. వానిని కోరుకొన్న తల్లులను తప్పు పట్టగలవారెవరు? నేనును అట్టి కప్పు క్రిందనే నివసించుచున్నాను. నేను విచారించునది కప్పు పోయినందుకు కాదు. గుండ్రని గోడలోని యుక్తిని ఎవరును వ్రాసి పెట్టకుండ, తరువాతివారికి చెప్పకుండ విడిచితిమే అని.

తాటిచెట్టు ఇచ్చినది కప్పొక్కటే కాదు. ఆకును నీడన ఆరబెట్టి, బరువు క్రింద చదును చేసి, అంచు గుండ్రముగా కత్తిరించి, సన్నని ఈనె చుట్టి కుట్టినచో విసనకఱ్ఱ. కాడయే పిడి. ఎండలో ఆరిన ఆకు పెళుసై చీలును. నీడన ఆరినది రెండు వేసవులు వచ్చును. ఆకులు గొడుగువలె అల్లి తలపై పెట్టుకొన్నది గిడుగు. ఊడ్పులనాడు రెండు చేతులకును పని యుండును గదా, చేతి గొడుగు పట్టుట ఎట్లు? 1863లో శ్రీకాకుళము చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, వాడుక భాషకును సవర భాషకును జీవితము ధారపోసిన రామమూర్తి పంతులుగారి ఇంటిపేరు వినినప్పుడెల్ల నాకు ఆ ఆకుగొడుగే కన్నులకు కట్టును.

త్రాళ్ళకు మెట్టలో గోగునార, ఉద్దానములో కొబ్బరిపీచు. నులక మంచము వదులైనచో వేసవి మధ్యాహ్నమున ఇద్దరు కూర్చుండి బిగించుకొనెడివారు. ఏజెన్సీ కొండలనుండి వచ్చిన అడ్డాకులను వెదురు పుల్లలతో కుట్టి, వైశాఖ మాసపు పెండ్లిండ్లకు విస్తళ్ళ కట్టలు కట్టుట ముసలమ్మల పని. 2018వ సంవత్సరము అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చినప్పుడు కాయతోపాటు పీచును, ఆకును, చీపురును, నీడను ఒక్కసారి పోగొట్టుకొంటిమి. ఒక చెట్టుపై ఎన్ని చేతిపనులు ఆధారపడి యుండునో ఆ చెట్టు పడిననాడు గాని తెలియదు.

ఇక బట్ట సంగతి. మన చరిత్రలో పెద్ద కథ ఇదియే.

నేతలో పుంజమను కొలత యుండెడిది. 120 పడుగు పోగులు ఒక పుంజము. ఇరువది పుంజముల బట్ట యనగా 2,400 పోగులు. పుంజములు పెరిగిన కొలది బట్ట సన్నము. ఈ లెక్కను ఇంగ్లీషు కంపెనీవారు సహా నేర్చుకొని, ఉత్తర సర్కారుల బట్టను ఆ పేరుతోనే కొనుగోలు చేసి ఓడల కెక్కించిరి. నాడు గంజాము మండలమున చేరియున్న శ్రీకాకుళపు సన్నని మస్లిను బట్టకు దూరదేశములలో పేరుండెను. అంత సన్నని నూలు ఎచ్చట పుట్టెను? యంత్రశాలలో కాదు. పల్లెటూరి అరుగుమీద, వంట ముగించిన స్త్రీల వ్రేళ్ళ నడుమ.

1813లో కంపెనీవారి హిందూదేశపు వర్తకపు గుత్త రద్దయినది. 1833 నాటి చట్టముతో వారి వర్తకమే ముగిసినది. కొనువారు పోయిరి, అదే కాలమున ఇంగ్లండు మరల నూలు, మిల్లు బట్ట వచ్చి పడెను. ఇచట మనము గమనింపవలసిన దొకటి కలదు. నేతగాడు మిల్లు నూలు కొనియైనను మగ్గము ఆడింపగలిగెను. వడికెడి స్త్రీకి ఆ దారియు లేదు. కావున మగ్గముకంటె ముందు రాట్నము మూగపోయినది. మగ్గము పోయినప్పుడు దొరలు లెక్కలు వ్రాసిరి. రాట్నము పోయినప్పుడు ఎవరును వ్రాయలేదు; ఏలయనగా అది ఇంటిలోని ఆడువారి సంపాదన. 1866లో ఒరిస్సాతోపాటు గంజాము మండలమును కరవు క్రుంగదీసినది. కరవున జనులు మొట్టమొదట మానుకొనునది క్రొత్త బట్ట. అట్టి కాలమున రాట్నమును లేని, గిరాకియు లేని నేత ఇండ్ల గతి ఏమై యుండునో మీరే ఊహింపుడు.

1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఇరువది లక్షల రాట్నములు నెలకొల్పవలెనని తీర్మానించినది. రాట్నము మరల పల్లెకు వచ్చెను. ఆ కాలమున దేశము తిరిగి చూచిన ఊరు శ్రీకాకుళమునకు చేరువనున్న పొందూరు. మహాత్ముడు అచటి నూలు సంగతి విని తన కుమారుడైన దేవదాసు గాంధీని పంపెనని ఆ ఊరివారు చెప్పుకొందురు. 1949లో అచట ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది.

పొందూరు పనిలోని విశేషమేమి? మన ప్రాంతమున పండెడి కొండపత్తిని గింజతోనే తీసికొని వాలుగ చేప దవడతో దువ్వుదురు. ఆ దవడలోని సన్నని పండ్లు దువ్వెనవలె నలుసులను తీసివేసి, పోగులను ఒకే దిక్కునకు తెచ్చును. పిదప చిన్న చెక్కపై పరచి ఇనుప కడ్డీతో ఒత్తి గింజ తీయుదురు. చిన్న వింటితో ఏకి, ఏకులు చేసి, మురికి అంటకుండ ఎండిన అరటి దొప్పలో దాతురు. తుదకు 24 ఆకులు గల పెద్ద చక్రపు రాట్నముపై, ఒక్క కదురుతో వడుకుదురు. ఇట్లు వచ్చు నూలు నూరవ నంబరునకు చేరును. నూరవ నంబరు అనగా ఒక పౌను దూదినుండి 84,000 గజముల దారము. నలువదియేడు మైళ్ళకు మించును. అరకిలోకు లోపు దూదితో శ్రీకాకుళమునుండి విజయనగరమువరకు దారమును పరువవచ్చును.

మిగిలిన ఊళ్ళ రాట్నములు ఆగి ఇది ఏల నిలిచెనని నేను చాల దినములు ఆలోచించితిని. ముతక నూలులో మిల్లుతో పోటీ పడుట చేతికి సాధ్యము కాదు. పొందూరు స్త్రీలు పోటీకి పోలేదు. తమ పత్తికి, తమ వ్రేళ్ళకు మాత్రమే చేతనైన నూలును పట్టుకొనిరి. దానికి కొనుగోలుదారును ఖద్దరు ఉద్యమము తెచ్చి ఇచ్చినది. పనితనమును, కొనువాడును కలిసినందుననే అది బ్రతికినదని నా అభిప్రాయము. ఒక్కటి యున్నను చాలదు.

మా నాయనమ్మగారును వడికెడివారు. ఆమె తరువాత రాట్నము అటక యెక్కినది. పాత ఇల్లు విప్పిననాడు దాని ఆకులు నీళ్ళపొయ్యికి పోయినవి. అప్పుడు నేను అచటనే యుంటిని, వలదని చెప్పలేదు. కదురొక్కటి మిగిలినది. కొంతకాలము క్రిందట దానిని జేబులో పెట్టుకొని పొందూరు పోయితిని. వడుకుచున్న ఒక పెద్దమ్మ దానిని వెలుతురునకు పట్టి చూచి, “కదురుకేటీ కానేదు బాబూ. వంకరుంది, తీసీస్తే తిరుగుతాది” అనెను. అట్లే వంకర తీసి, తన రాట్నమునకు తగిలించి రెండు బారల నూలు తీసినది. పిదప కదురు నా చేతికిచ్చి, “మీ ఇంట్లో ఎవులు వడుకుతారు?” అని అడిగినది. నాకు సమాధానము లేకపోయెను. ఆమె ఇంటిలోనైన తరువాత ఎవరు వడుకుదురని నేను ఎదురడిగితిని. ఆమె నవ్వి, మరల పనిలో పడెను. అచట రాట్నముల ముందు కూర్చున్నవారిలో తల నెరసినవారే ఎక్కువ. దినమంతయు వడికినను కూలి స్వల్పము. అట్టి పనికి కూతుళ్ళను రమ్మని పిలుచుటకు వారికే మనసొప్పదు.

కావున పెద్దలారా, ఈ పనులన్నిటిని మరల చేయుడని నేను బోధింపను. కూలి గిట్టని పనిని గొప్పదని పొగడి ఇతరుల బిడ్డలచేత చేయించుట ధర్మము కాదు. రెండు కోరికలు మాత్రము కలవు. మొదటిది: కొనగలవారు ఏటికొక పంచెయైనను చేతినూలుది కొని, దానికి తగిన వెల ఇయ్యవలయును. రెండవది: ఈ వేసవి సెలవులకు మనుమలు మీ ఇంటికి వత్తురు. ఒక మధ్యాహ్నము వారి నెదుట కూర్చుండబెట్టుకొని, మీకు వచ్చిన పని ఒక్కటి, విసనకఱ్ఱయో, నులక అల్లికయో, విస్తరి కుట్టుటో, వారి చేతులతో చేయింపుడు. వంకరగా వచ్చినను నవ్వవలదు. నార నానినదా లేదా అని మాత్రము మీరే తొట్టిలో చేయిపెట్టి చూచుకొనుడు. పిల్లల మాట నమ్మవలదు. ఈ విషయమున నా సాక్ష్యము చాలును.

సెలవు.