దేవుడికి ఉక్కపోస్తే...

దేవుడికి ఉక్కపోస్తుందా? పోస్తుందనే నమ్మారు మన పెద్దవాళ్లు. ఎండలు ముదిరితే చందనం పూశారు, వట్టివేళ్ల తడికలు కట్టారు, వింజామరలు వీచారు. మధురలో ఒక రాజుగారైతే మీనాక్షీ సుందరేశ్వరుల కోసం ఏకంగా ఓ మండపమే కట్టించాడు.

ఆయన తిరుమల నాయకుడు. విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా వెళ్లి అక్కడే పాతుకుపోయిన తెలుగు నాయకుల వంశం. 1623 నుంచి 1659 దాకా ఏలాడు. గుడి తూర్పు గోపురానికి ఎదురుగా ఆయన కట్టించిన ఆ మండపాన్ని పుదుమండపం అంటారు. ‘పుదు’ అంటే తమిళంలో కొత్త. మూడున్నర శతాబ్దాలు దాటినా ఆ పేరు పోలేదు, మనవలు పుట్టినా కొందరిళ్లలో ‘కొత్తకోడలు’ అనే పిలుపు పోనట్టు!

దానికే వసంత మండపమని మరో పేరు. మే, జూన్ నెలల్లో వచ్చే వసంతోత్సవానికి దేవుడూ అమ్మవారూ వేంచేసేందుకు కట్టింది. పొడవు 333 అడుగులు, వెడల్పు 105 అడుగులు. నాలుగు వరసల్లో 124 రాతి స్తంభాలు. చుట్టూ గోడలు లేవు గనక గాలి ఎటునుంచి వచ్చినా ఆటంకం లేదు. కప్పు ఎత్తు గనక వేడిగాలి మన నెత్తిమీద కూర్చోకుండా పైకి పోతుంది. రాయి దళసరి గనక రాత్రి చల్లదనం పొద్దెక్కేదాకా నిలుస్తుంది. ఇవన్నీ చాలవన్నట్టు మండపం చుట్టూ లోతులేని కాలువ ఒకటి. ఉత్సవం రోజుల్లో దాన్నిండా నీళ్లు నింపేవారట.

ఇందులో మంత్రమేమీ లేదు. నీళ్లు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలినుంచి లాక్కుంటాయి. మన వంటింట్లో మట్టికుండ చేసే పని అదేగా! మధుర సముద్రానికి దూరం, పొడి ఎండ, అందుకని ఈ ఉపాయం సాగింది. మచిలీపట్నం ఉక్కలో ఇది అంతగా పారదు. గాలిలో అప్పటికే బోలెడు తేమ. అక్కడ గాలి ఆడటమే ముఖ్యం. ఏ ఊరి ఎండకు ఆ ఊరి నీడ.

మరి ఉత్సవం లేని రోజుల్లో? దేవుడి నీడలో మనుషులు చేరారు. రాజుల శిల్పాల పక్కన దర్జీల కుట్టుమిషన్లు, ఇత్తడి సామాన్లు, పుస్తకాల కొట్లు వెలిశాయి. ఈమధ్య వాటిని వేరే చోటికి తరలించారు. శిల్పాలకు మంచిదే, కాదనను. కానీ పనిచేసుకునే మనిషికి కూడా మంచి నీడ కావాలని అన్నేళ్లూ ఆ మండపం చెబుతూనే వచ్చింది.

మన బస్టాపులు చూడండి. కొన్నిటికి నెత్తిన రేకు, వెనక అడ్డంగా ప్రకటనల పలక. గాలి రాదు, రేకు మాత్రం పెనంలా కాలుతుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచీతో దాని పక్కన చెట్టు నీడ వెతుక్కునేది ఎక్కువగా మనమే. ఈసారి మన వీధిలో షెడ్డు వేస్తామని ఎవరైనా వస్తే, రంగు గురించి కాదు, కప్పు ఎత్తెంత, గాలి ఎటునుంచి వస్తుంది, పక్కన చెట్టు ఉంచుతారా కొట్టేస్తారా అని అడుగుదాం. దేవుడు అడక్కపోయినా కట్టించిపెట్టారు. మనం మాత్రం అడగాల్సిందే.