నడిగడ్డ మీద కందీలు

మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ ఉంది. చుట్టూ సముద్రం, మధ్యలో ఒక రాతిగుట్ట, దాని మీద తెల్లటి దీపస్తంభం. పక్కనే అగ్గిపెట్టెంత ఇల్లు. ఆ ఇంటి ముందు తీగ మీద ఆరేసిన బట్టలు. పిల్లలు స్తంభాన్ని చూస్తారు కాబోలు, నా కళ్ళు మాత్రం ఆ తీగ మీదికే పోయాయి. అంత గాలిలో బట్టలు ఎగిరిపోకుండా ఎలా ఆరేసుకున్నారో, అన్ని ఉప్పునీళ్ళ మధ్య ఉతకడానికి మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో! సంసారం చేసే ఆడవాళ్ళ బుద్ధి ఇంతేనండీ. దీపం కంటే ముందు బట్టలు కనిపిస్తాయి.

"అమ్మా, మన గద్వాలలో లైట్‌హౌస్ ఎందుకు లేదు?" అని అడిగింది.

"మనకు సముద్రం లేదు కదే" అన్నాను పప్పులో గరిటె తిప్పుతూ. అనేశానే గాని ఆ మాట నాకే నచ్చలేదు. ఎందుకంటే మా అవ్వ ఇంట్లో దీపస్తంభం ఉండేది. మూరెడు కూడా ఉండదు. దాని పేరు కందీలు.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఈ రెండూ కలవబోయే ముందు వాటి నడుమ మిగిలిన నేలను నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపురం ఆ నడిగడ్డలోవే. వంతెనలు లేని రోజుల్లో వానాకాలం వచ్చిందంటే వనపర్తి వైపు పోవాలన్నా ఏరే, కర్నూలు వైపు పోవాలన్నా ఏరే. నాగర్‌కర్నూలు దిక్కు వియ్యమందితే ముహూర్తం కంటే ముందు ఏట్లో నీళ్ళెన్ని ఉన్నాయని అడగాల్సిందే. కోనసీమవాళ్ళు లంక అనేదాన్ని మావాళ్ళు గడ్డ అంటారు. గద్వాలకు దగ్గరలోనే కృష్ణ రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేచోట, నీళ్ళ నడుమ ఒక ఊరుంది. గుర్రంగడ్డ. మా అవ్వ కాపురం అక్కడ.

నాలుగు దిక్కులా నీళ్ళున్న ఊళ్ళో కాపురమంటే ఏమిటో చెబుతాను. ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, పెళ్ళిచీర, పెద్దబడి చదువు, నొప్పులు తిరగబడితే ఆస్పత్రి, అన్నీ ఏటికి అవతలే. అవతలికి పోవాలంటే పుట్టి ఎక్కాలి. పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం కొలత అని చాలామందికి తెలుసు. మాకు పుట్టి అంటే ఏరు దాటించే గుండ్రటి పడవ. పడవ అన్నాను గాని అది నిజానికి పెద్ద బుట్ట. వెదురును బద్దలుగా చీల్చి, అడ్డం నిలువు అల్లి, అంచు పైకి వంచి, మందంగా పేని కట్టేస్తారు. వెనకటి రోజుల్లో పైన తోలు తొడిగేవాళ్ళు. తరువాత గోనెసంచులూ, ప్లాస్టిక్ సంచులూ వచ్చాయి, వాటి మీద తారు పూత. దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేసే మనిషి నేర్పరి కాకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

ఇదేదో పల్లెటూరి మోటు ఏర్పాటు అనుకోకండి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద ఆనెగొంది రేవులో ఈ పుట్టినే చూసి వింతపోయి రాసిపెట్టాడు. లోపల బెత్తపు అల్లిక, పైన తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, తిన్నగా పోవడం దానికి చేతకాదు, తిరుగుతూనే పోతుంది అని. అంతకు రెండు వేల ఏళ్ళ ముందు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నదిలో తోలు తొడిగిన గుండ్రటి పడవలను చెప్పాడు. ఒక్కో పడవలో ఒక గాడిద కూడా ఉండేదట. ఊరు చేరాక పడవ చట్రాన్ని అమ్మేసి, తోలును గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోయేవారట. మా అవ్వ హెరొడోటస్ పేరు విననూలేదు. కాని పుట్టిలో మేకను ఎక్కడ నిలబెట్టాలో, నిండుచూలాలిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆమెకు తెలుసు.

పొద్దు గూకే వేళ అవ్వ కందీలు ముందేసుకుని కూర్చునేది. గాజుబుడ్డి ఊడదీసి, పొయ్యిలో బూడిద మెత్తటి గుడ్డకద్ది తుడిచేది. వత్తి కొనను కత్తెరతో సమంగా కత్తిరించేది. ఒక మూల పొడుగుంటే మంట వంకరపోయి బుడ్డి పొగచూరుతుందట. నూనె పోసి, వెలిగించి, రేవులో రాతి మీద పెట్టేది. తాత గద్వాల సంతకు పోయిన రోజున ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. పాత చీరల పేలికలు ఒక్కొక్కటే కలుపుతూ బొంత కుట్టేది. వచ్చిపోయే పుట్టిలన్నిటికీ ఆ వెలుగే ఆనవాలు. అవ్వకు జీతం లేదు. ఆ రాతికి పేరు లేదు.

నిజమైన దీపస్తంభాల కథలు నేను పెద్దయ్యాక చదివాను. మన తెలుగు తీరంలోనూ ఉన్నాయి. గోదావరి సముద్రంలో కలిసేచోట ఒకదానికి శాక్రమెంటో అని పేరు. 1867 జూన్‌లో ఆ పేరుగల అమెరికా యుద్ధనౌక అక్కడి మెరక తగిలి పాడైపోయింది. మునిగిన ఓడ పేరే వెలిగే దీపానికి మిగిలింది. దీపస్తంభమంటే ఓడలు, తుఫానులు, సాహసాలు అనుకునేదాన్ని. తీరా చదివితే ఏముంది? అద్దాలు తుడవడం, వత్తులు కత్తిరించడం, నూనె కొలిచి పోయడం, మసి కడగడం. మళ్ళీ రేపు మొదటినుంచీ అదే. మన వంటింటి పని లాగే, చేసినన్నాళ్ళూ ఎవరికీ కనపడదు, మానేసిన రోజున అందరికీ కనపడుతుంది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రం తీరానికి ఇరవై మైళ్ళ అవతల, సముద్రంలో మటీనికస్ రాక్ అని ఒక బోడిగుట్ట. 1856 జనవరిలో దీపం కాపరి సామాను తేవడానికి ఒడ్డుకు పోయాడు. మంచం పట్టిన భార్య, చిన్నపిల్లలు, పదహారేళ్ళ కూతురు ఆబీ బర్జెస్ గుట్ట మీద మిగిలారు. తుఫాను పట్టుకుంది. సముద్రం గుట్టనెక్కి పాత ఇంటిని ఊడ్చుకుపోయింది. ఆ పిల్ల అంతకు ముందే తల్లినీ చెల్లెళ్ళనూ స్తంభంలోకి చేర్చింది. దాదాపు నాలుగు వారాలపాటు తండ్రి తిరిగి రాలేకపోయాడు. రెండు స్తంభాల్లో కలిపి 28 దీపాలు. ఒక్క రాత్రి కూడా అవి ఆరలేదు.

ఇదంతా చరిత్రలో రాశారు. నా మనసుకు పట్టింది మరొకటి. అల ఒకటి వెనక్కి తగ్గిన సందు చూసుకుని ఆ పిల్ల చేత ఒక బుట్ట పట్టుకుని బయటికి పరుగెత్తి కోళ్ళను ఏరుకొచ్చిందట. ఒక్కటి తప్ప అన్నీ దక్కాయి. ఓడల సంగతి సరే, ఇంట్లోవాళ్ళకు రేపు గుడ్లు ఉండాలి కదా! ఆ బుట్ట పట్టుకున్న చెయ్యి మా ఊళ్ళోదే అనిపించింది నాకు.

బుట్టలంటే మరొకటి గుర్తొస్తోంది. స్తంభం కట్టడానికి వీలుకాని చోట ఓడకే దీపం కట్టి, లంగరు వేసి నిలిపేవాళ్ళు. అదే అమెరికాలో నాంటుకెట్ దీవి దగ్గర అలాంటి దీపనౌకను 1854లో నిలిపారు. నెలల తరబడి కదలని ఓడలో, చుట్టూ మంచుతెరల మధ్య, ఆ మనుషులు ఏం చేస్తారు? కొయ్య అచ్చు చుట్టూ బెత్తం పేళ్ళతో బుట్టలు అల్లారు. ఎంత బిగువుగా అల్లారంటే ఆ దీపనౌక బుట్ట ఈనాడు సంపన్నురాళ్ళు చేత పట్టుకు తిరిగే ఖరీదైన సంచీ అయింది. నీళ్ళ నడుమ ఒంటరిగా ఉన్న మనిషికి దీపం ఒక్కటే చాలదు. చేతికి పని కావాలి. అది లేకపోతే రాత్రి గడవదు.

మా నడిగడ్డలో ఆ పని మగ్గం. గద్వాల చీర మీ అందరికీ తెలుసు. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ సూదితో కుట్టరు. నేతలోనే నూలుపోగునూ పట్టుపోగునూ ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతారు, అదే కుట్టు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గద్వాల సంస్థానం కాలం నుంచి బ్రహ్మోత్సవాలకు తిరుమల శ్రీవారికి పోయే ఏరువాడ జోడుపంచెలూ ఇక్కడివే. నేసేవాళ్ళు 41 రోజులు నియమంగా ఉంటారు. పంచె పదకొండు గజాలు, అంచే పదిహేను అంగుళాలు. రెండేర్ల నడుమ నేసింది గనుక ఏరువాడ అన్నారని మావాళ్ళ మాట.

మగ్గం మీద కూర్చున్నాయన నేతగాడు. వెనక రాట్నం ముందు కూర్చుని ఆయనకు తెల్లవార్లూ కండెలు చుట్టి ఇచ్చే ఆమెను ఏమంటారు? ఆయన భార్య అంటారు. మా సంస్థానాన్ని 1924 నుంచి 1949 దాకా ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆమె పేరు చరిత్రలో ఉంది, ఉండాలి కూడా. కండెలు చుట్టిన ఆమె పేరు మాత్రం ఏ చీర కొంగు మీదా లేదు. ఆబీ బర్జెస్ ఒక విధంగా అదృష్టవంతురాలు. 1861లో తండ్రి ఉద్యోగం పోయినా ఆమె కొత్త కాపరి కొడుకును పెళ్ళాడి, అదే దీపాలకు జీతంగల సహాయకురాలు అయింది. పని పాతదే, పేరు పుస్తకంలో కెక్కింది.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. వానాకాలం. అప్పటికి జూరాల ఆనకట్ట పని ఇంకా సాగుతోంది, ఏరు తన ఇష్టం వచ్చినట్టు వచ్చేది. తాత సంతకు పోయాడు. అవ్వ బర్రెను కట్టెయ్యడానికి లేచిన సందులో, నేనూ పెద్దదాన్నే అని కందీలు బుడ్డి తుడవబోయాను. చేతిలో పుటుక్కుమంది. ఊళ్ళో మరో బుడ్డి ఎవరింట్లో ఉన్నా అది వాళ్ళ దీపానిదే గదా! బయట గాలి. నేను ఏడుపు లంకించుకున్నాను.

అవ్వ నన్ను ఒక్క దెబ్బ వెయ్యలేదు. "కాలు ఈడ పెట్టకు బిడ్డా, పెంకులున్నయ్" అంది. పెంకులు ఊడ్చి, పేడతో అలికిన గంపను బోర్లించకుండా అడ్డంగా, నోరు ఏటివైపు పెట్టి రేవులో రాతి మీద నిలిపింది. లోపల మట్టి మూకుట్లో ఆముదం పోసి లావుపాటి వత్తి వెలిగించింది. గాలి వీపున కొట్టింది గాని దీపాన్ని ముట్టలేకపోయింది. పక్కనే కూర్చుని బొంత చేతిలోకి తీసుకుంది. ఆ రాత్రి ఆమె కుట్టు వంకరపోయింది. సూది చూడకుండా ఏటినే చూసింది మరి.

బాగా పొద్దుపోయాక తెడ్డు చప్పుడు వినిపించింది. తాత దిగుతూనే, "ఏందే, ఇయ్యాల కందీలు గుడ్డిగుంది?" అన్నాడు.

"ముసలిదైంది, దానికేం" అంది అవ్వ. అంతే. నా పేరు ఆనాడూ చెప్పలేదు, ఆ తరువాతా ఎన్నడూ చెప్పలేదు.

తరువాత జూరాల పూర్తయింది. ఆ పైన దాని గేట్లు ఎత్తినప్పుడల్లా గుర్రంగడ్డకు రాకపోకలు ఆగిపోయేవి. మరబోట్లు వచ్చాక పుట్టి అల్లే చేతులు తగ్గిపోయాయి. వంతెన కోసం ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. పుట్టి పోతోందని నేను కవిత్వం చెబితే వాళ్ళు నవ్వుతారు. పురుడు పోసుకోబోయే పిల్లకు కావలసింది వంతెన, కవిత్వం కాదు. కాని వంతెన వచ్చినచోటల్లా శిలాఫలకం మీద పేర్లుంటాయి. అంతకు ముందు వందల ఏళ్ళు దాటించిన బుట్టకూ, దారి చూపిన కందీలుకూ ఏ ఫలకమూ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సాయంత్రం పప్పు దించేసి, అటకమీది పెట్టెలోంచి అవ్వ బొంత తీశాను. మా అమ్మాయి దాన్ని మంచం మీద పరుచుకుని పేలికలు లెక్కపెడుతూ ఒకచోట ఆగింది.

"అమ్మా, ఇక్కడ కుట్టు ఇలా వంకరగా పోయిందేమిటి?" అంది.

పక్కన కూర్చున్నాను. "అదే మన లైట్‌హౌస్. చెబుతా విను" అన్నాను.