బండ కట్టినాకే

మే నెల, మధ్యాహ్నం రెండు. కర్నూలు పాతబస్తీలో మిద్దె మీది గది. గోడ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఫ్యాను తిప్పేది గాలి కాదు, సెగ. మీ ముందు ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, వాడి ల్యాప్‌టాప్. అడుగున గాలాడాలని దాని కింద రెండు ఇటుకలు.

"చూడండి సార్," అంటాడు. తెర మీద చదరంగం ప్రోగ్రాంల కోసం 1982లో వచ్చిన బ్రాట్కో-కోపెక్ పరీక్ష. 24 స్థితులు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. మొదటిదే చూస్తారు: నల్ల మంత్రి నేరుగా డి1 గడిలోకి, తెల్ల రాజు నోటి దగ్గరికే వెళ్తుంది. రాజు తినక తప్పదు. వెంటనే శకటు జి4కి జరిగితే ఏనుగుతో కలిపి జంట చెక్. మరో ఎత్తులో ఏనుగు డి1లో దిగుతుంది. ఆట కట్టు. వాడు రాసిన ప్రోగ్రాం దీన్ని రెప్పపాటులో పట్టేస్తుంది.

తర్వాత రైన్‌ఫెల్డ్ పుస్తకం 'విన్ ఎట్ చెస్'లోని 300 స్థితులు. కొత్త వెర్షన్ పాతదానికంటే ఎక్కువ విప్పింది. చెక్ తగిలిన ప్రతి దారినీ ఇంకాస్త లోతుగా తవ్వమని దానికి నేర్పాడట. మార్కులైతే పెరిగాయి, కుర్రాడి మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"రెండిటికీ ఆట పెడితే కొత్తదే ఓడిపోతాంది సార్."

ఓపిగ్గా చూస్తే కారణం తెర మీదే ఉంది. ముప్పయ్యో ఎత్తు. బలులు లేవు, జంట చెక్‌లు లేవు. బంటును తొయ్యాలా, గుర్రాన్ని వెనక్కి తేవాలా, అంతే. కొత్తది పనికిరాని చెక్‌లన్నీ తవ్వుతూ కూర్చుంటుంది. పాతది అదే సమయంలో ఇంకా ముందుకు చూసేస్తుంది. పరీక్షలో ప్రతి స్థితిలోనూ ఏదో దాగి ఉందని ముందే తెలుసు. ఆటలో ఆ హామీ ఎవరిస్తారు? నెమ్మది ఎత్తుల కోసం 1500 స్థితుల స్ట్రాటజిక్ టెస్ట్ సూట్ ఉంది, రెండో మేలైన ఎత్తుకూ కొన్ని మార్కులేస్తుంది. నయమే, అయినా పరీక్ష పరీక్షే.

పైగా ఈ ఎండ. యంత్రం వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది. రాత్రి విప్పిన లెక్క అదే వెర్షన్ పగలు విప్పలేకపోవచ్చు. అప్పుడు మనం కొలిచింది ప్రోగ్రాంనా, కర్నూలు ఎండనా? ఒకే యంత్రం మీద ఎదురెదురుగా ఆడిస్తే సెగ రెండిటికీ సమానం.

వాడి పెదనాన్న మజ్జిగ చెంబుతో మెట్లెక్కి వస్తాడు. బండలాగుడు పందేలకు ఎద్దులను మేపిన మనిషి. కాసేపు విని, "పండ్లు చూసి ఎద్దును కొంటాం. బండ కట్టినాక గదప్పా బలం తెలిసేది," అంటాడు. పండ్లు చూడటం దండగ అనలేదాయన, గమనించండి. మూడెత్తుల్లో ఆటకట్టు కూడా కనపడకపోతే కోడ్‌లో ఎక్కడో తప్పుందని ఈ పరీక్షలే పట్టిస్తాయి.

బండ మాత్రం బరువే. రేటింగ్‌లో 10 పాయింట్ల తేడా అంటే 1000 ఆటల్లో దాదాపు 514 పాయింట్లు. పైనున్న ఆ 14 ఒట్టి అదృష్టం కూడా ఇచ్చేయగలదు. అందుకే స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాం వాళ్లు 2013 నుంచి 'ఫిష్‌టెస్ట్'లో, ఎవరెవరో స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద, ఒక్కో మార్పుకు వేల ఆటలు ఆడిస్తున్నారు. మన వరంగల్ ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలో 2801కి చేరిందీ ఆటలతోనే, పజిళ్లతో కాదు.

వంద ఆటలు చూసి కొత్తదాన్ని తీసేద్దామనుకున్నాడు కుర్రాడు. "వంద ఏం చాలుతుంది?" అంటారు మీరు. వాడు ప్రతి ప్రారంభాన్నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడేలా సర్ది, మళ్లీ మొదలుపెడతాడు. ఇంతలో కరెంటు పోతుంది. బ్యాటరీ మీద యంత్రం ఇంకా మందగిస్తుంది.

"రెండిటికీ తగ్గింది లే సార్," అని వాడు మజ్జిగ అందుకుంటాడు.