పెళ్ళి ముందా, ప్రయాణం ముందా?

సీమలో స్థిరపడిన కుర్రాడికి పిల్లనివ్వాలనుకున్న ఇంట్లో కట్నకానుకల మాట తేలాక ఇంకో ప్రశ్న లేస్తుంది. తాళి ఇక్కడే కట్టించి పంపాలా, పిల్లను పంపి అక్కడ కట్టించాలా? ఇప్పుడైతే ఇది వకీలును అడిగే ప్రశ్న. 1979లో ఒక ఆడకూతురు దీనికి విమానాశ్రయంలోనే జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఆనాటి బ్రిటిష్ నిబంధన చిత్రమైనది. భార్యగా వెళ్ళాలంటే మన దేశంలోని వాళ్ళ కార్యాలయంలో ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. దానికి నెలల తరబడి పడిగాపులు. కాబోయే పెళ్ళికూతురుగా వెళితే ఆ పత్రమే అక్కర్లేదు! దిగిన మూడు నెలల్లో పెళ్ళాడితే చాలు. అంటే అగ్నిసాక్షిగా పెళ్ళాడినామెకు చుట్టు దారి, ఆడనామెకు అడ్డదారి. పోనీ అడ్డదారే పడదామంటే, మూడుముళ్ళు పడకుండా పిల్లను సముద్రాలు దాటించడం మన ఇళ్ళలో మాటలా? నలుగురూ ఏమంటారు?

పైగా అవతలివాళ్ళకూ అనుమానమే. వచ్చినామె నిజంగా పెళ్ళికానిదేనా, లేక వరస తప్పించుకొచ్చిన భార్యా? 1979 జనవరిలో లండన్ హీత్రోలో దిగిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయినిని ఈ అనుమానంతోనే ఆపి, డాక్టరు చేత కన్యాత్వ పరీక్ష చేయించారు. కాదంటే తిప్పి పంపేస్తారేమోనన్న భయంతో పాపం ఆమె ఒప్పుకుంది. ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. మన ప్రభుత్వం నిరసన తెలిపింది. హోం మంత్రి మెర్లిన్ రీస్ ఆ పరీక్షలు ఆపించారు.

వాళ్ళ తర్కం చూడండి: భారతీయ స్త్రీ పెళ్ళిదాకా కన్యే, కనుక కన్య కానిది భార్యే! మన ఆచారాన్ని మనకంటే గట్టిగా నమ్మారన్నమాట. మరి వితంతువు మారుమనువుకు వస్తే ఏం చేసేవారో!

ఇది ఒక్కామెతో పోలేదు. ఆస్ట్రేలియాలోని ఇవాన్ స్మిత్, మరినెల్లా మార్మో అనే పరిశోధకులు పాత ఫైళ్ళు తిరగేస్తే, భారత ఉపఖండపు స్త్రీలు కనీసం 80 మంది ఇలాంటి పరీక్షకు గురైనట్టు తేలింది. ఆ వివరాలు 2011లో పత్రికల కెక్కాయి.

మగవాళ్ళ కష్టం వేరు. బ్రిటన్ చేరడం కోసం ఈ పెళ్ళి చేసుకోలేదని పెళ్ళికొడుకే రుజువు చేసుకోవాలన్న నిబంధన 1980లలో వచ్చింది. మనసులో లేనిదాన్ని లేదని రుజువు చేయడం ఎవరి తరం? 1997లో దాన్ని ఎత్తేశారు.

ఇప్పుడు రెండు దారుల్లోనూ వీసా ముందే కావాలి. పెళ్ళి చేసుకుని వెళితే ఉద్యోగం చేసుకోవచ్చు. పెళ్ళికని వెళితే ఆరు నెలల గడువు, ఉద్యోగం చేయరాదు, పెళ్ళయ్యాక మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ రుసుము.

ఆ ఉపాధ్యాయినికి దావా వేయకుండా ఉండేందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చింది 500 పౌన్లు.